ఎలీసమ్మ పెట్టిన ఆమెన్

బుధవారం పొద్దున్న తొమ్మిదీ పదికి, తన ఉద్యోగం పోతుందన్న ప్రకటన కింద ఎలీసమ్మ "ఆమెన్" అని పెట్టింది. పక్కన దణ్ణం పెట్టే చేతుల బొమ్మ కూడా జోడించింది.

శ్రీకాకుళంలోని ఆ మూడంతస్తుల ప్రైవేటు ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లుగా దుప్పట్లు ఉతికేది ఎలీసమ్మే. ఈ నెల నుంచి పనులు నోటితో చెప్పడం మానేసి, అందరి ఫోన్లలోనూ ఒక యాప్ పెట్టించారు. ఏ వార్డుకు ఏం కావాలన్నా మెసేజ్ అందులోనే వస్తుంది. చూసినట్టు టిక్ నొక్కాలి. ఎలీసమ్మకు అంతకుముందు తెలిసిన గ్రూపు ఒక్కటే, వాళ్ల బాప్టిస్టు సంఘానిది. అక్కడ పెద్దలు ఏం రాసినా ఆమెన్ పెట్టాలి. పెట్టకపోతే ఆదివారం చర్చి మెట్ల మీదే నిలదీస్తారు. అలా అలవాటుపడ్డ బొటనవేలు, మేనేజర్ తిరుమలరావు రాసినదానికీ ఆగలేదు. ఆయన రాసింది ఇదీ: "శనివారంలోగా యాప్ వాడటం రానివారికి సోమవారం నుంచి పని లేదు."

నర్సు అనూరాధ కింద దుప్పట్లు ఉతికే గదికి పరుగెత్తుకొచ్చింది.

"ఏటి పిన్నీ, నీ కొంప నువ్వే ముంచుకుంతన్నావు! సదివే పెట్టినావా?"

"సదవలేదే అమ్మా! పెద్దాయన రాసినాడు కదాని పెట్టీసినాను."

ఎలీసమ్మ బట్టల సోడా బస్తా మీద కూలబడింది. భర్త జ్ఞానానందానికి వారానికి రెండుసార్లు ఇక్కడే డయాలసిస్. సిబ్బంది ఇంటి మనిషి కాబట్టి ఉచితం. ఉద్యోగం పోతే ఆ మంచమూ పోతుంది. ఆ తర్వాతి మాట ఆవిడ మనసులో కూడా అనుకోలేకపోయింది.

మూడు రోజులు అనూరాధ దగ్గర నేర్చుకుంది. టిక్ బదులు వీడియో కాల్ నొక్కి, పెద్ద డాక్టరుగారికి మురికి దుప్పట్లన్నీ చూపించింది. ఆరిన చేత్తో అయితే ఎలాగో వచ్చేది. కానీ ఆ పనిలో చెయ్యి ఆరేదెప్పుడు?

శనివారం పరీక్ష. మూడో అంతస్తులో ఆపరేషన్ థియేటర్ ముందు వాచీ చూసుకుంటూ తిరుమలరావు మెసేజ్ పెట్టాడు: "థియేటర్‌కు ఆరు దుప్పట్లు. ఐదు నిమిషాల్లో జవాబు."

కింద ఎలీసమ్మ నొక్కింది. బ్లీచింగ్ నీళ్లలో నానిన వేలిని ఫోను లెక్కచెయ్యలేదు. చీరకు తుడుచుకుని నొక్కింది. చీరా తడే. "ప్రభువా, ఒక్కసారి!" అంటూ ముక్కుతో కూడా నొక్కి చూసింది. రెండు నిమిషాలు అయిపోయాయి. ఇక లాభం లేదని ఫోను బొడ్లో దోపి, ఆరు దుప్పట్లూ గుండెలకు హత్తుకుని మెట్లెక్కింది.

పైకొచ్చేసరికి ఊపిరి అందడం లేదు. తిరుమలరావు దుప్పట్లు చూశాడు, ఫోను చూశాడు.

"దుప్పట్లొచ్చాయి, సరే. యాప్‌లో నీ టిక్కేదమ్మా?"

"టిక్కు కన్నా ముందు నానే వచ్చీసినాను బాబూ, అదేదో నా మీదే పెట్టీండి!"