తడికకు అవతల ఎక్కాలు

నిన్న సాయంత్రం మా మనవరాలు ఖాళీ నీళ్ళ సీసాలో కందిపప్పు పోసి, మూత సరిగా బిగించకుండానే ఊపింది. స్కూల్లో పాటలతో పాఠాలు చెబుతున్నారట, తాళం వేయడానికి గిలక చేసుకుని రమ్మన్నారట. నేను సోఫా కింద పప్పు ఏరుతుంటే, ఇదంతా కొత్త పద్ధతని మా కోడలు వివరించింది. నాకు ఒళ్ళు మండింది. ఈ కొత్త పద్ధతిని ఇబ్రహీంపట్నం దగ్గర ప్రాథమిక పాఠశాలలో, తడికకు ఇవతల నిలబడి ఏళ్ళ తరబడి భరించినవాణ్ణి నేను.

తడికకు అవతల రెండో తరగతి. దాని టీచరు మా వదినగారు, మా ఆవిడకు స్వయానా అక్క. కాబట్టి ఇంటికెళ్ళి చెప్పుకునే దారి కూడా లేదు. కూడికలకొక పాట, నెలలకొక పాట, ఎక్కాలకు చప్పట్లతో మరో పాట కట్టారావిడ. ఇవతల నా అయిదో తరగతి పిల్లలు భిన్నాలు చేస్తూ ఆ తాళానికి కాళ్ళాడించేవాళ్ళు. ఒకరోజు ఉండబట్టలేక వెళ్ళి అడిగితే, "మీరే కాస్త గొంతు తగ్గించండి మరిదిగారూ, మా పిల్లలకి తాళం తప్పిపోతోంది" అన్నారు. ఆనాటి డైరీలో ఇంకే విషయానికీ చోటు మిగల్లేదు.

అసలు చిక్కు నా తరగతిలోని ఒక ఆటోడ్రైవరు కూతురితో వచ్చింది. గురుకులంలో సీటొస్తే చదువు, లేకపోతే అయిదుతో సరి అని తండ్రి తేల్చేశాడు. పిల్ల చురుకైనదే. కానీ ఏడెనిమిదులు ఎంత అంటే చాలు, రెండో తరగతిలో నేర్చిన పాటను ఏడొకట్ల ఏడు దగ్గర్నుంచి పైకే ఎత్తుకునేది. ప్రవేశ పరీక్షలో అలా పాడితే, మాట్లాడుతోందని బయటికి పంపేస్తారు. మీరంటించిన జబ్బు, మీరే కుదర్చండి అని వదినగారికి చెప్పాను.

ఆవిడ పాట మానిపించలేదు. రోజూ మధ్యాహ్నం ఆ పిల్లను పిలిపించుకుని, తన తరగతితో కలిపి, నోరు మూసుకుని మనసులో పాడించారు. జవాబు దగ్గర మాత్రం అందరూ ఒక్కసారి చేతులు చరవాలి. పాటను మధ్యలోంచి ఎత్తుకోవడం కూడా నేర్పారు. పాటకంటే ఆ నిశ్శబ్దమే నా ప్రాణం తీసింది. చప్పట్లు ఎప్పుడు పడతాయో తెలియక బోర్డు దగ్గర ఉలిక్కిపడుతుంటే, నా పిల్లలు నవ్వుకునేవాళ్ళు.

పరీక్షకు విజయవాడ తీసుకెళ్ళింది నేనే. గేటు బయట ఎండలో నిలబడింది కూడా నేనే. పిల్ల బయటికి రాగానే, పాడావా అని అడిగాను.

"పాడాను మాస్టారూ. పెదాలు కదపలేదు. చప్పట్లు కొట్టబోయి బల్ల పట్టుకున్నా."

సీటొచ్చింది. తండ్రి మిఠాయి పొట్లం తెచ్చి, ఏడాదంతా సాయంత్రాలు కూడా లెక్కలు చెప్పిన నన్ను దాటుకుని వెళ్ళి, వదినగారి చేతిలో పెట్టాడు. ఆవిడ నాకో లడ్డూ అందిస్తూ, "తీసుకోండి మరిదిగారూ, మీరూ అరిచారుగా" అన్నారు.

ఆ అమ్మాయి ఇప్పుడు గన్నవరంలో ఉద్యోగం చేస్తోంది. ఆ మధ్య సిటీ బస్సులో కనబడి, భిన్నాలు మర్చిపోయానని నవ్వుతూ చెప్పింది. ఏడో ఎక్కం మాత్రం ఇప్పటికీ లోపల పాడుకుంటుందట. మేం నేర్పినవాటిలో ఏది ఉంచాలో, ఏది తుడిచేయాలో, కాలం ఒక్కసారైనా నన్నడిగి తేల్చింది కాదు.