పెద్దత్త సముద్రం, బాబాయి రాహుకాలం

శనివారం ఉపవాసమని చెప్పి రెండు ప్లేట్ల ఇడ్లీ, పైన ఒక పెసరట్టు లాగించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? అద్దంలో కాదు, బయట? నేను చూశాను. ఆయన మా బాబాయి. ఆ రోజుల్లో, అంటే సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మామూలు మనుషుల జేబుల్లోకి దిగుతున్న రోజుల్లో, ఇంట్లోకి విజ్ఞానం వస్తే అజ్ఞానం తట్టాబుట్టా సర్దుకుని పోతుందని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. (కుర్రతనం. కొత్తగా బళ్ళో ఉద్యోగం. చర్చావేదికల మీద బల్ల గుద్దీ గుద్దీ అరచెయ్యి కాయ కట్టిన కాలం.) ఆ నమ్మకాన్ని బాబాయి ఒక్క దెబ్బకి పోగొట్టాడు. కొత్త సెల్‌ఫోను కొన్నాక ఆయన చేసిన మొదటి పని, రాహుకాలానికీ వర్జ్యానికీ అలారం పెట్టుకోవడం. అంతమంది శాస్త్రజ్ఞులు కష్టపడింది రాహువుకి గంట కొట్టడానికన్నమాట!

మా ఇల్లు రేపల్లెలో. మా నాన్నకీ బాబాయికీ అక్క అయిన పెద్దత్త మాతోనే ఉండేది. మామయ్య పోయి చాలా ఏళ్ళయింది. రేపల్లెకి సముద్రం ఎంత దగ్గరో మీకు తెలుసు. పొద్దున తిన్నది అరిగేలోపు చేరుకోవచ్చు. అయినా అరవై దాటిన పెద్దత్త సముద్రం చూడలేదు. తీసుకెళ్తానన్న మామయ్య వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆవిణ్ణి ఎక్కడికైనా తీసుకెళ్ళాలని ఎవరికీ తోచలేదు. ఒక శనివారం బాబాయి, పిన్ని బాపట్ల గుడికీ, అక్కణ్ణుంచి సూర్యలంక సముద్రానికీ వెళ్ళి రావాలనుకున్నారు. పెద్దత్త నోరు తెరిచి అడిగింది. "నన్నూ తీసుకెళ్ళరా తమ్ముడూ. పొద్దుండగా సముద్రంలో కాళ్ళు పెట్టి వచ్చేస్తాను. ఇంకేం అడగను." నేనూ వెంట బయల్దేరాను. రాత్రికి తిరిగి రావాలి. కాబట్టి ఆ రోజు మొత్తానికి మాకున్న పని ఒక్కటే. చీకటి పడేలోపు ఆవిడ పాదాలు తడవాలి.

బయల్దేరేటప్పుడు బాబాయి ఎంతో ప్రేమగా, "అక్కయ్యా, నువ్వు పెరటి గుమ్మంలోంచి వెళ్ళి సందు చివర నిలబడు. మేం వీధిలోంచి వస్తాం" అన్నాడు. వితంతువు ఎదురైతే ప్రయాణం చెడుతుందట! చిన్నప్పుడు చంకనేసుకుని ఊరంతా తిప్పిన అక్క ఎదురొస్తే చెడు. అదే అక్క పక్క సీట్లో కూర్చుని ఆయన సంచి ఒళ్ళో పెట్టుకుంటే మాత్రం ఏ దోషమూ అంటదు. పెద్దత్త పెరట్లోకి నడిచింది. నాకు ఒళ్ళు మండింది. మండి, మామూలుగానే, ఉపన్యాసంగా బయటికొచ్చింది. ఎవరూ వినలేదు.

తెనాలిలో బండి మారాలి. బాపట్ల వైపు వెళ్ళే ప్యాసింజరు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంది. ఎక్కబోతుంటే బాబాయి జేబు మోగింది.

"ఆగండాగండి! రాహుకాలం!"

"మనం పొద్దుననగా బయల్దేరాం కదా బాబాయ్. మధ్యలో రాహుకాలమేంటి?"

"బండి మారితే కొత్త ప్రయాణమేరా."

"మరి బండి నడిపేవాడికి పట్టదా రాహుకాలం?"

"ఆయన బెజవాడలో ఎక్కాడుగా. ఆయన ప్రయాణం వేరు."

నేనూరుకుంటానా? రాహువనే గ్రహం ఆకాశంలో లేనే లేదని, ఉన్న నీడకి పేరు పెట్టి దాని తలా మొండెం వేరు చేశారని వేలు ఊపుతూ వివరిస్తుండగా బండి వెళ్ళిపోయింది. (బండికి వాదప్రతివాదాల మీద ఆసక్తి ఉండదు.) పెద్దత్త ఆఖరి పెట్టె కనుమరుగయ్యేదాకా చూసి, "ఇంకోటుందిగా?" అంది.

ఉంది. ఆలోగా రాహుకాలంలో చెయ్యదగ్గ పని ఒకటి బాబాయికి తెలుసు. తినడం. స్టేషను బయట టిఫిన్ బండి దగ్గర నిలబడి ఇడ్లీ మీద ఇడ్లీ వేయించుకున్నాడు.

"ఉపవాసమన్నావుగా బాబాయ్?"

"ఉపవాసమంటే అన్నం మానటంరా. ఇడ్లీ అన్నమా ఏంటి?"

"ఇడ్లీ దేంతో చేస్తారు?"

"రవ్వతో."

"రవ్వ ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"మిల్లునుంచి" అన్నాడాయన, చట్నీలో ముంచుతూ.

తర్వాత బజారు. పిన్ని గాజుల కొట్లో దిగబడింది. పెద్దత్త ఇనప పెనం ఒకటి చేతిలోకి తీసుకుని, బరువు చూసి, ముచ్చటపడింది. "శనివారం ఇనుము కొంటారా అక్కయ్యా!" అని బాబాయి దాన్ని లాక్కుని కొట్టువాడికి ఇచ్చేశాడు. ఆ చేత్తోనే తనకి స్టీలు బకెట్టు బేరమాడాడు. స్టీలు ఇనుము కాదా అనడిగాను. "మెరుస్తుందిగా. శనికి మెరిసేవి పట్టవురా" అన్నాడు. అప్పటికప్పుడు, కొట్టు ముందు నిలబడి, కొత్త శాస్త్రం పుట్టించాడు. పాతవన్నీ కూడా ఇలాగే ఎవరో ఒక బకెట్టు కావలసినవాడు పుట్టించినవే అయ్యుంటాయని నాకు ఆ క్షణంలో తెలిసింది.

ఇంకో బండి పట్టుకుని, చుండూరు పొలాలు దాటి బాపట్ల చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. గుడి తలుపులు మూసి ఉన్నాయి. సాయంత్రందాకా తియ్యరు. ఈలోగా సముద్రానికి వెళ్ళొద్దామన్నాను.

"ముందు దేవుడు. సముద్రం ఎక్కడికీ పోదురా."

"దేవుడు పోతాడా బాబాయ్?"

"అదిగో, ఆ నోరే వద్దంటాను!"

గోడ నీడలో కూలబడ్డాం. బాబాయి బకెట్టు బోర్లించి దానిమీద కూర్చుని కునుకు తీశాడు. నీడ సాగింది, ఎండ పసుపెక్కింది. పెద్దత్త మాటిమాటికీ ఆకాశం చూస్తోంది. చివరికి తమ్ముణ్ణి తట్టి లేపింది. "ఇంకెంతసేపురా?"

ఆయన కళ్ళు నులుముకుని ఫోను చూశాడు. "తలుపులు తియ్యాలి, దర్శనం అవ్వాలి. ఆపైన వర్జ్యం ఉంది. అది దాటాక బయల్దేరదాం."

"అప్పటికి చీకటి పడదూ?"

"పడితే ఏమైంది? నీళ్ళు నీళ్ళే."

పెద్దత్త లేచి కుచ్చిళ్ళు దులుపుకుంది. రోడ్డు మీదికి నడిచి ఆటోకి చెయ్యెత్తింది. "ఏం నాయనా, సముద్రానికొస్తావా?"

"రండి మామ్మగారూ. ఎంతమందండీ?"

"ఒక్కదాన్నే."

బాబాయి ఒక చెప్పు వేసుకుని, ఒకటి వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. "అక్కయ్యా! వేళకాని వేళ, ఏ అపశకునమైనా ఎదురైతే?"

"అపశకునాన్ని నేనే కదరా తమ్ముడూ. నాకు నేనే ఎదురొస్తానా ఏంటి? పోనీ నాయనా."

నేను కదిలే ఆటోలోకి దూకాను.

సూర్యలంకలో ఇంకా వెలుతురుంది. పెద్దత్త చీర కాస్త ఎత్తిపట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి నిలబడింది. అల వచ్చి మోకాళ్ళదాకా తడిపి పోయింది. "ఒరే అబ్బాయ్! కాళ్ళ కింద ఇసకంతా లాగేస్తోందిరా ఇది, దొంగది!" అని అరిచింది. ఆవిడంత గట్టిగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు. ఒడ్డున మిరపకాయ బజ్జీలు వేస్తుంటే, తడి చీరతోనే నిలబడి, "కారం తగ్గించకమ్మా" అని చెప్పి మరీ తింది.

బాబాయి, పిన్ని ప్రసాదం పొట్లంతో చేరేసరికి కళ్ళు పొడుచుకున్నా ఏమీ కనపడట్లేదు. "ఏదీ సముద్రం?" అన్నాడు బాబాయి. "వినపడట్లా తమ్ముడూ? అదే" అంది పెద్దత్త, చేతికంటిన నూనె కొంగుకి తుడుచుకుంటూ. ఆయన చీకట్లోకి చూసి, "వర్జ్యం దాటి వచ్చాం కాబట్టే ఇంత క్షేమంగా చేరాం" అన్నాడు. ఏం చేస్తాం!

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. ఇప్పటికీ వేదికలెక్కుతాను, గంట తక్కువ కాకుండా మాట్లాడతాను. దిగేటప్పుడు ఒక్కోసారి, తెనాలి ప్లాట్‌ఫారం మీద వేలు ఊపుతున్న ఆ కుర్రాడు గుర్తొస్తాడు. నవ్వొస్తుంది. కాస్త ముద్దొస్తాడు కూడా. రాహువుని ఓడించాలనుకున్నాడు పాపం! పక్కన నిలబడ్డ మనిషిని బండెక్కించాలని తోచలేదు వాడికి.

మీకు తోచాలి. దీన్ని ఇక్కడితో పక్కన పెట్టి లేవండి. మీ ఇంట్లో శుభకార్యమనగానే తనంతట తనే చాటుకి తప్పుకునే ఆవిడ ఎవరో మీకు తెలుసు. వెళ్ళి, ఎక్కడికి వెళ్ళాలనుందో అడగండి. అడిగి ఊరుకోకండి. ఇవాళే తీసుకెళ్ళండి. గడప దాటేటప్పుడు ఆవిణ్ణి ముందు నడవనివ్వండి.