పాలు పొంగించే పొయ్యి

మా ఇంట్లో ఒక చిన్న గ్యాస్ పొయ్యి ఉంది. ప్లాస్టిక్ సూట్‌కేసులో ఒదిగిపోతుంది. ఒక పక్క బర్నరు, ఇంకో పక్క మూత కింద గ్యాస్ డబ్బా. దోమల మందు కొట్టే డబ్బా కన్నా పెద్దదేం కాదు. మీట నొక్కితే డబ్బా బిగుసుకుంటుంది, మర తిప్పితే టక్కుమని నిప్పురవ్వ పడి మంట లేస్తుంది. ఆఫీసులో నలుగురితో కలిసి కొండలెక్కుతానని ఎంతో ముచ్చటపడి దాన్ని కొన్నాను. రెండంటే రెండుసార్లు ఎక్కాను. రెండోసారి దిగేటప్పుడు మోకాలు పట్టేసింది. ఆ తరువాత పొయ్యి అటక మీదికి చేరింది. దాని మాట వచ్చినప్పుడల్లా నా భార్య నా మోకాలి వంక చూసి నవ్వుతుంది.

దాన్ని అటక దించింది మా చుట్టాలు. చెన్నైలో అద్దె ఇళ్ళు మారేవాళ్ళకు ఒక చిక్కు ఉంది. కొత్త ఇంట్లోకి సామాను రాకముందే, మంచి వేళ చూసుకుని పాలు పొంగించాలి. సిలిండరేమో సామానుతో పాటు వ్యానులో వస్తుంది. కరెంటు పొయ్యి మీద పొంగిస్తే సరిపోదా అని ఎవరో అడిగితే మా అమ్మ ఒప్పుకోలేదు. "అది అగ్గి ఎట్లవతాది? బల్బు!" అని తేల్చేసింది. దాంతో నా పొయ్యికి గిరాకీ పెరిగింది. అటు ఊరి చివర ఎన్నూరు దాకా పోయొచ్చింది. తీసుకుపోయినవాళ్ళు పాలు పొంగించుకుని, మాడిన పాల చారలతో సహా తెచ్చి ఇచ్చేవాళ్ళు. కడిగిచ్చిన మహానుభావులు ఒక్కరూ లేరు. శుభం వాళ్ళది, జిడ్డు మాది.

ఆ జిడ్డంతా గీకి కడిగేది మా మేనత్త. నాన్నకు చెల్లెలు. ముప్పై మూడేళ్ళకే భర్త పోతే మా ఇంటికి వచ్చేసింది. పిల్లలు లేరు. ఇరవై అయిదేళ్ళుగా మా వంటిల్లు ఆమె చేతి మీదే నడిచింది. ఆ ఇరవై అయిదేళ్ళలో మేం మైలాపూరులోనే నాలుగు ఇళ్ళు మారాం. నాలుగుసార్లూ పాలు పొంగించింది మా అమ్మే. పాల ప్యాకెట్లు తెచ్చేది అత్త, గిన్నె తోమి పెట్టేది అత్త. పొయ్యి ముట్టించే వేళకు మాత్రం తలుపు చాటుకు తప్పుకునేది. పాలు పొంగి, అందరూ తాగాక, అదే పొయ్యి మీద సాంబారుకు పప్పు పడేసేది. తొలి గిన్నె అమ్మది, ఆ తరువాతి గిన్నెలన్నీ అత్తవి. భర్త పోయిన మనిషి కొత్త ఇంట్లో తొలి పొయ్యి ముట్టించకూడదని మా వాళ్ళ పట్టింపు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అనాల్సిన అవసరం రాకుండా అత్తే తప్పుకునేది, అది చూసి మేమెంత మంచివాళ్ళమో అనుకునేవాళ్ళం.

కొన్నేళ్ళుగా అత్త కోడంబాక్కంలో డబ్బింగుకు పోతోంది. తమిళ సినిమాలు తెలుగులోకి మార్చేటప్పుడు పెళ్ళిలో గోల, ఆస్పత్రి వరండాలో ఏడుపు, సంతలో బేరాలు, ఇలాంటి గుంపు గొంతులు కావాలి కదా, వాటికి. ఏడుపుకు ఆమెను మించినవాళ్ళు లేరని అక్కడ పేరు. రోజూ మైలాపూరు నుంచి పోయి రావడం కష్టంగా ఉందని చెప్పి, రైల్వే స్టేషను వెనక వీధిలో ఒక గది, వంటిల్లు అద్దెకు తీసుకుంది. నాన్న రెండు రోజులు మూతి ముడుచుకుని కూర్చున్నాడు. "నేనేం తక్కువ జేసినానే నీకు?" అని అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఏం తక్కువ లేదు వదినా" అని అత్త ఆమె కళ్ళు తుడిచింది గాని, అడ్వాన్సు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఆ వారం ఒక పొద్దున నాకు కాఫీ ఇస్తూ అడిగింది. "నీ పొయ్యి ఇస్తావా నాయినా? గ్యాస్ కనెక్షన్ వచ్చేదానికి ఇంకా పది దినాలు పడతాదంట."

"అడగాలా అత్తా? ఎన్నాళ్ళయినా ఉంచుకో."

ఆమె కదల్లేదు. "పాలు నేనే పొంగించుకుంటా. నా ఇంట్లో నా పొయ్యి నేనే ముట్టించుకోవాలని ఉండాది. మీ అమ్మకు నువ్వే చెప్పాల. నేను చెప్తే బాధపడతాది."

సరే అన్నాను. చెప్పలేదు. నాకు అమ్మంటే భయం లేదు, అమ్మ ఏడుపంటే భయం. రేపు చెబుదాం, రేపు చెబుదాం అని నాలుగు రోజులు నెట్టుకొచ్చాను. అయిదోనాడు, పాలు పొంగించాల్సిన శుక్రవారం వచ్చేసింది. పొద్దున్నే అమ్మ పట్టుచీర కట్టుకుని, కుంకుమ భరిణె, పసుపు డబ్బా సంచిలో వేసుకుని హాల్లోకి వచ్చింది. అత్త ఆ చీర చూసింది. తరువాత నన్ను చూసింది. నేను ఫోను తీసి ఆటో ఎక్కడిదాకా వచ్చిందో చూసుకుంటున్నట్టు నటించాను. నా బతుకులో సిగ్గుపడాల్సిన నిమిషాలు చాలా ఉన్నాయి గాని, అది వాటిలో మొదటి వరసలో ఉంటుంది.

నాన్న రాలేదు. అమ్మ, అత్త, నా భార్య, నేను, నలుగురమే పోయాం. గది చిన్నదయినా వెలుతురుగా ఉంది. పదిన్నరకు రాహుకాలం వస్తుందని అమ్మ ఒకటే హడావుడి. గాలికి మంట ఆరిపోతుందని వంటింటి కిటికీలు మూయించింది. వంటింట్లోనే ఒక మూల నేల మీద దేవుడి పటం పెట్టి దీపం వెలిగించింది. గట్టు మీద పొయ్యి పెట్టించి, నీళ్ళతో కలిపిన పసుపు బర్నరు చుట్టూ చిక్కగా రాసి, దాని మీద కుంకుమ బొట్లు పెట్టింది. అలవాటు ప్రకారం అత్త తలుపు దగ్గరకు పోయి నిలబడింది.

నా భార్య నా చెవి దగ్గర, "ఆమె ఇల్లు కదా, ఆమెనే పొంగించమనొచ్చు కదా?" అంది.

"ఊరుకో" అన్నాను.

అమ్మ మర తిప్పింది. టక్కుమంది గాని మంట రాలేదు. మళ్ళీ తిప్పింది. మళ్ళీ అంతే. "నువ్వు చూడరా, సీక్రం!" అని నన్ను పిలిచింది. నేను పోయి గొప్పగా నాలుగుసార్లు తిప్పాను. రవ్వ పడలేదు. "అగ్గిపెట్టె ఇవ్వు, గీసి ముట్టిద్దాం" అని చెయ్యి చాపాను. గ్యాస్ వాసన నాకూ వస్తూనే ఉంది. వస్తూ ఉంటే పొయ్యి బాగానే పనిచేస్తోందని సంతోషపడ్డాను. నా తెలివి అంతటిది.

అత్త రెండే అంగల్లో లోపలికి వచ్చింది. మర కట్టేసింది. మీట పైకెత్తి డబ్బా వదులు చేసింది. వంగి, పటం ముందున్న చామంతి పువ్వు తీసి దీపం వత్తి మీద అదిమింది. దీపం కొండెక్కింది.

అమ్మ గుండెల మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యయ్యో! గృహప్రవేశం నాడు దీపం ఆర్పతారా? ఎంత పని జేస్తివే!"

"ఈ గ్యాస్ కిందికి దిగతాది వదినా. దీపం కిందనే ఉండాది" అంది అత్త. నా వైపు తిరిగి, "కొండలెక్కినోడివి, ఇంత వాసన ఉండంగా అగ్గిపుల్ల గీస్తానంటావా? పో, కిటికీలు తెరువు" అంది. ఆ గొంతు నేను ఇరవై అయిదేళ్ళలో ఎప్పుడూ వినలేదు. నా భార్య అప్పటికే కిటికీలు తెరిచేసింది. నాకు అప్పుడు అర్థమైంది, అగ్గిపెట్టె కోసం చాపిన చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"రాహుకాలం వచ్చేస్తాదే" అంది అమ్మ.

"రానీ వదినా. ముందు గ్యాస్ పోనీ."

అందరం వాకిట్లోకి వచ్చి నిలబడ్డాం. స్టేషనులోకి ఒక బండి వచ్చింది, పోయింది. అత్త మాత్రం పొయ్యి కూడా బయటికి తెచ్చుకుని ముందు పెట్టుకుని కూర్చుంది. బర్నరు పక్కన రవ్వ పడే సన్నటి పుల్ల ఉంటుంది. దాని నిండా తడి పసుపు. చీర చెంగుతో దాన్ని తుడిచింది. జాకెట్టుకున్న పిన్నీసు తీసి, బర్నరు బెజ్జాల్లో కూరుకుపోయిన పసుపూ కుంకుమా ఒక్కొక్కటే పొడిచి తీసింది. ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ శుభాలు కడిగిన చెయ్యి కదా, ఎక్కడ ఏముందో దానికి తెలుసు. వాసన పూర్తిగా పోయిందో లేదో తనే లోపలికి పోయి వంగి చూసుకుంది. పొయ్యి గట్టు మీద పెట్టి, డబ్బా బిగించి, పాల గిన్నె దగ్గరకు జరిపింది.

అంతా చేసి, ఒక అడుగు వెనక్కి వేసింది. "రా వదినా. ఇప్పుడు పడతాది" అంది.

ఆ వెనకడుగు చూసి నా వల్ల కాలేదు. ఎవరూ ఆమెను పొమ్మనలేదు. ఆమె కాళ్ళే వాటంతట అవి తప్పుకున్నాయి. తను అద్దె కట్టిన ఇంట్లో, తను బాగుచేసిన పొయ్యి దగ్గర నుంచి.

"అమ్మా, పాలు తనే పొంగించుకుంటానని అత్త నాతో ఎప్పుడో చెప్పింది. నీకు చెప్పమంది. నేనే చెప్పలేదు" అన్నాను.

అమ్మ ముఖం చిన్నబోయింది. "దానికి చెడు జరగాలని నేను వచ్చినానా? మంచి జరగాలనే గదా. మళ్ళీ ఏమన్నా అయితే?" అంది. అమ్మ మాటలో అహంకారం లేదు, భయం ఉంది. ఆ సంగతి నేను ఒప్పుకోవాలి.

"ఏమవతాది వదినా?" అంది అత్త. "అయ్యేది ఎప్పుడో అయిపాయ. ఇంక ఈడ ఏమన్నా అయితే నాకే గదా అయ్యేది. ఉండేది నేనొక్కతినే."

అమ్మ గట్టు దగ్గర నుంచి పక్కకు జరిగి, గోడకు ఆనుకుంది. "ఇంకా అయిదు నిమిషాలుండాది. కానీయ్" అంది, ఎవరి ముఖమూ చూడకుండా.

అత్త ముందు దీపం వెలిగించింది. తరువాత పొయ్యి మర మీద చెయ్యి వేసింది. టక్కుమంది. ఒక్క తిప్పుకే నీలం మంట బర్నరు చుట్టూ పరుచుకుంది.

మామూలుగా మా వాళ్ళు రెండు చుక్కలు పొర్లగానే మంట తగ్గించేస్తారు, పాలు దండగ అని. అత్త తగ్గించలేదు. పాలు లేచి, అంచు దాటి, నాలుగు వైపులా కారుతుంటే చూస్తూ నిలబడింది. చుయ్యిమని మంట ఆరింది. నేను గాభరాగా మర మీదికి చెయ్యి చాపేలోపు ఆమె దాన్ని కట్టేసే ఉంది. అప్పుడు నవ్వింది. నా భార్య ఆమెను పట్టుకుని ఏడ్చేసింది. డబ్బింగులో అంతమంది తరఫున ఏడ్చే మా అత్త మాత్రం ఏడవలేదు.

పాలలో చక్కెర కలిపి, దేవుడికి చూపించి, గ్లాసుల్లో పోసింది. మొదటి గ్లాసు అమ్మకు ఇచ్చింది. అమ్మ రెండు చేతులా అందుకుంది గాని తాగలేదు. గ్లాసులోకే చూస్తూ అడిగింది.

"ఇన్ని ఇండ్లు మారినాం. ఒక్కసారన్నా పొంగిస్తానని నువ్వు అడగలేదేమే?"

అత్త గిన్నెలో మిగిలిన పాలు తన గ్లాసులోకి వంపుకుంటోంది. కోపం లేదు ఆమె ముఖంలో. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది.

"అడిగింటే ఇచ్చింటారా వదినా?"

అమ్మ నన్ను చూసింది. ఇచ్చేవాళ్ళమేనని ఎవరైనా అంటారేమోనని నేను కూడా ఎదురుచూశాను. ఆ గదిలో నలుగురం ఉన్నాం. ఇచ్చేవాళ్ళం కాదని నలుగురికీ తెలుసు.