స్వామికి వీపు పెట్టిన ఏనుగు

మా వదిన పాండూరులో ఇంట్లోనే కూర్చుని, అరచేయంత జాలీ గుడ్డల మీద రంగులతో బొమ్మలు వేస్తుంది. కొన్నవాళ్లు ఆ రంగుల మీదే అదే రంగు ఊలుతో ఒక్కో గడీ కుట్టుకుంటూ పోతే బొమ్మ నిండుతుంది. ఏరడం, అమ్మడం నా పని. ఏరేటప్పుడు నాకు మొహమాటం ఉండదు. ప్రతి గుడ్డనూ కిటికీ వెలుతురుకు పట్టి చూస్తాను. ఒకే గడిలో రెండు రంగులు కలిసిపోయి ఉంటే, ఏ రంగు దారం కుట్టాలో కొన్నవాళ్లకు తెలియదు. అలాంటివి వదిన ముందే పక్కన పడేస్తాను. "అవి కండ్లా, భూతద్దాలా!" అని తిడుతుంది.

ఆసారి తిరువళ్లూరు ఊలు షాపుకు వెళ్తున్నప్పుడు మాత్రం నా ప్రాణం నా దగ్గర లేదు. నడుంనొప్పితో కంపెనీలో ప్యాకింగ్ పని మానేసిన వదిన, ఈ బొమ్మలు అక్కడ తీసుకోకపోతే సోమవారం నుంచి మళ్లీ ఆ పనికే పోతానని చెప్పేసింది. రోజంతా నిలబడే పని. ఆ నడుముతో ఎలా నిలబడుతుంది?

షాపామె చిలకల్నీ తామరల్నీ చకచకా పక్కన పెట్టుకుంది. ఏనుగు దగ్గర చెయ్యి ఆగింది. వెనకాల మురుగన్ స్వామి బల్లెం, వేలాయుధం; దానికి వీపు పెట్టి మనవైపు చూస్తున్న ఏనుగు. నేను ఎక్కువగా ఏరి తెచ్చింది ఆ బొమ్మే.

"ఏందక్కా ఇది! వాహనం సామిని జూస్తా గదా ఉండాల? వీపు తిప్పుకోని నిలబడిందే! దీన్ని ఇంట్లో ఎవురు తగిలిచ్చుకుంటారు?" అంది. పక్కన పెట్టుకున్నవి కూడా నా వైపు తోసేసింది. "తెలీనోళ్లు వేసినట్టుండాది. అన్నీ ఎత్తుకోని పోండి."

నాకు ఒళ్లు మండింది. వదినా నేనూ తిరుత్తణిలో పెరిగినవాళ్లం. మా కొండమీది మురుగన్ గుడిలో ఏనుగే వాహనం, అది బయటికే చూస్తుంది. మిగతా గుళ్లలో వాహనం లోపలికి చూస్తుందన్న సంగతి మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

"మా కొండెక్కి జూసి మాట్లాడమ్మా!" అని అరిచాను. అరిచి నాలుక కరుచుకున్నాను. ఇక బేరం పోయినట్టే. గుడ్డలు సంచిలో కుక్కడం మొదలుపెట్టాను.

"ఏంది గలాటా?" అంటూ లోపలి నుంచి షాపామె అత్తగారు వచ్చింది. నా చేతిలోని గుడ్డ లాక్కుని కళ్లజోడు సర్దుకుంది.

"అయ్యో, నీ తెలివి తెల్లారినట్టే ఉండాది! ఇది మన తిరుత్తణి ఏనుగు గదే! ఏటేటా ఆడికృత్తిక తిరునాళ్లకి పొయ్యి జూస్తా ఉండాను. ఆడ అది అట్లే నిలబడుంటది" అని కోడలిని కసిరింది. "ఇది నాకు. నేనే కుడతా. ఊలు తీసుకోని రా."

కోడలు నవ్వేసింది. "తప్పయిపొయ్యింది అక్కా. అన్నీ ఈడనే పెట్టండి. ఏనుగులు ఇంకా వెయ్యమనండి."

అబ్బ! నెత్తిమీద బరువు దించినట్టయింది. షాపు మెట్ల మీదే కూలబడి వదినకు ఫోన్ చేశాను.

"ఏమాయెనే?" అంది, భయంభయంగా.

"నువ్వేం జేస్తా ఉండావు?"

"కంపెనీ చొక్కా ఇస్త్రీ చేస్తా ఉండా, సోమారానికి."

"ఇస్త్రీపెట్టె ఆపు వదినా. అన్నీ తీసుకున్నారు. ఏనుగులు ఇంకా కావాలంట!"

అవతల ముక్కు ఎగబీల్చడం వినిపించింది. నాకూ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"సరిలే," అంది చివరికి. "ఈ చొక్కా మెత్తగా ఉండాదే. కుంచెలు తుడుచుకునేదానికి బాగుంటది."