తాలు గ్రేడు వీడియో గేమ్

హుస్సేన్ సాహెబుకి ఏది చూపించినా సరే, దానికి మిరపకాయ గ్రేడు వేయందే నిద్ర పట్టదు. గుంటూరు మిర్చి యార్డులో ఒక వ్యాపారి తరఫున కాయ చూసి సరుకు కొనడం ఆయన పని. డీలక్స్, బెస్ట్, మీడియం, అన్నిటికన్నా అడుగున రంగు పోయిన తాలు. ఈ గ్రేడ్లని యార్డు గేటు దగ్గరే వదిలేసి ఇంటికి రావచ్చు కదా. రాడు. పెళ్ళి బిర్యానీ మీడియం. ఎన్నికల ఉపన్యాసం తాలు. పక్కింటి మాధురి టీచరుగారి కొత్త స్కూటీ చుట్టూ తిరిగి, "బెస్టే గానీ తేమ ఎక్కువుందమ్మా" అన్నాడు. స్కూటీకి తేమేమిటో ఆవిడకి ఇప్పటికీ అంతు పట్టలేదు.

మిరప ఘాటుకి ఊపిరితిత్తులు పాడయ్యాయని డాక్టరు చెప్పినా అంతే.

"ఏ గ్రేడండీ నా దగ్గు?"

డాక్టరు కాసేపు తల గోక్కుని, "మీడియం అనుకోండి" అన్నాడు.

ఇంటికొచ్చి భార్య జాన్‌బీతో, "ఆ డాక్టరు ఒట్టి తాలు. ఇంత డీలక్స్ దగ్గుని పట్టుకుని మీడియం అంటాడా" అని రాత్రంతా దగ్గుతూనే గొణిగాడు.

ఊరందరికీ ఇది నవ్వులాట. మేనల్లుడు ఖలీల్‌కి మాత్రం కాదు. తండ్రి ముందే లేడు, వాడికి పదేళ్ళప్పుడు తల్లి కూడా పోయింది. మూడో రోజు బంధువులంతా మామ ఇంటి వరండాలో కూర్చుని ఉండగా, ఆయన వాణ్ణి నిలబెట్టి ఎగాదిగా చూశాడు. మణికట్టు నొక్కి చూశాడు. "వీడు తాలు. దేనికీ పనికిరాడు. నాకు పడేయండి" అన్నాడు. తర్వాత ఆ మామే అన్నం పెట్టాడు, చదివించాడు, చిలకలూరిపేటలో బొమ్మల కొట్టు పెట్టించాడు. అయినా ఆ మాట ఖలీల్ గుండెలో ముల్లులా ఉండిపోయింది. ఎప్పటికైనా ఈ మనిషి నోట డీలక్స్ అనిపించుకోవాలని వాడి పంతం.

ఆ అవకాశం రెండువేల నాలుగు వేసవి సెలవుల ముందు వచ్చింది. ఖలీల్ తన దగ్గరున్నదంతా ఊడ్చి వీడియో గేములు తెప్పించాడు. పాతకాలపు క్యాసెట్ గేమ్, దానికి రెండు రిమోట్లు. ఈ సరుకు పోకపోతే కొట్టు మూసుకోవాల్సిందే. పోటీగా ఆ ఏడు బజార్లోకి సీడీలతో ఆడే నాజూకు గేమొకటి, చేతిలో పట్టుకుని ఆడే చిన్న గేమొకటి దిగాయి. మూడింటినీ బల్ల మీద పెట్టి మామని పిలిపించాడు. పిలవకుండా ఎదురుకొట్టు ప్రేమ్‌చంద్ కూడా వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. సెలవులకి ఏం తెప్పించాలో అతను ఇంకా తేల్చుకోలేదు.

"మీరు చూసి చెప్పండి సాహెబుగారూ. పిల్లలు దేనికి ఎగబడతారు?" అన్నాడు ప్రేమ్‌చంద్.

హుస్సేన్ సాహెబ్ చిన్న గేముని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. "గింజ బాగా ఆరింది. బెస్ట్." సీడీ గేముని వాసన చూసి వేలితో రాశాడు. "రంగుంది, నునుపుంది. డీలక్స్." ఖలీల్ గేము వంతు వచ్చింది. రిమోటు వైరుని కాయ తొడిమలా వంచి చూసి, పెదవి విరిచాడు.

"తాలు."

ఖలీల్ మొహం పాలిపోయింది. "ఒక్కసారి ఆడి చూడు మామా."

"తాలుని తిని చూడాలట్రా?"

ప్రేమ్‌చంద్ హుషారుగా లేచి, ఆ సాయంత్రమే సీడీ గేములకి ఆర్డరు పెట్టాడు. మామ వెళ్తూ వెళ్తూ, "ఒక తాలు డబ్బా నాకు పడెయ్, ఇంట్లో ఓ మూల పడుంటుంది" అని చంకన పెట్టుకుని గుంటూరు బస్సెక్కాడు.

"పరాయివాడి ముందు నా పరువు తీశాడు" అని ఖలీల్ కుమిలిపోయాడు. ఆదివారాలు మామ ఇంటికి భోజనానికి వెళ్ళడం మానేశాడు. జాన్‌బీ అత్త బస్సులో క్యారియర్ పంపితే, తిన్నాడు గానీ కబురు పంపలేదు.

సెలవులొచ్చాయి. ఇంటికి నలుగురు చొప్పున మేనత్త పిల్లలు, పెద్దమ్మ పిల్లలు దిగారు. సీడీ గేముకి ఒకటే రిమోటు. ఒకడు ఆడుతుంటే ముగ్గురు ఏడుస్తున్నారు. తల్లులు ప్రేమ్‌చంద్ కొట్టుకి వెళ్ళి రెండు రిమోట్లది కావాలన్నారు. అతని దగ్గర లేదు. రోడ్డు దాటి ఖలీల్ దగ్గరికొచ్చారు. మే నెల గడవకముందే కొట్లో డబ్బా మిగల్లేదు.

మామ గ్రేడు తప్పింది. ఆ మాట మొహం మీద అనాలని ఖలీల్ గుంటూరు వెళ్ళేసరికి, ఆయన ఆస్పత్రి మంచం మీద, ముక్కుకి గొట్టంతో ఉన్నాడు. బస్సులో దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలు పక్కనపెట్టి, మంచం అంచున కూర్చున్నాడు.

"మామా, నీ తాలు సరుకంతా అమ్ముడుపోయింది."

"అట్టాగా" అన్నాడు మామ. కళ్ళు మాత్రం నవ్వాయి.

బళ్ళు తెరిచిన వారంలోనే ఆయన పోయాడు. సరుకు అమ్మి నెగ్గిన ఖలీల్‌కి, ఇక ఎవరి మీద నెగ్గాలో తెలియలేదు. మట్టి ఇచ్చి వచ్చిన రోజు కొట్టు షట్టరు దించుకుని, లోపల కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మూడో రోజు మళ్ళీ అదే వరండాలో బంధువులు కూర్చున్నారు. లోపల జాన్‌బీ అత్త టీవీ ముందున్న క్యాసెట్ గేము వైర్లు చుడుతోంది. రెండు రిమోట్ల మీదా బొత్తాలు అరిగి ఉన్నాయి.

"రోజూ ఆడేవాళ్ళంరా. ఒక్కసారి కూడా నన్ను గెలవనిచ్చేవాడు కాదు."

"తాలన్నాడుగా అత్తా."

అత్త చుట్టడం ఆపి వాడివైపు జాలిగా చూసింది. "ఆయన చేతిలో పెరిగి నీకు తెలిసింది ఇదా? యార్డులో తనకి కావాల్సిన సరుకుని పదిమంది ముందు ఎవరన్నా బాగుందంటారా? అంటే పక్కవాడు వేలం పాట పెంచడూ? ఆ ప్రేమ్‌చంద్ నీలాంటి డబ్బాలే తెప్పించబోయాడంట. మీ మామ తాలంటే ఆగిపోయాడు."

ఖలీల్ ఆమె పక్కన కింద కూర్చుని, అరిగిన రిమోటు చేతిలోకి తీసుకున్నాడు.

"మరి నన్ను?"

"మీ మామ అన్న, బుడాన్ బావ, తన వినుకొండ హోటల్లో ప్లేట్లు కడగడానికి నిన్ను అడిగాడు. తమ్ముడు సిలార్ తన చీరాల కొట్లో మూటలు మోయడానికి అడిగాడు. ఈయన తాలనేసరికి ఇద్దరూ వద్దులే అన్నారు. అంతెందుకు, పెళ్ళిచూపుల్లో నన్నూ తాలన్నాడు. ఇంకో సంబంధం వాళ్ళు పక్కనే కూర్చునున్నార్లే."

ఒక్కమాట, ఒకే ఒక్కమాట బతికున్నప్పుడు చెప్పుంటే ఏం పోయేదని ఖలీల్‌కి ఏడుపుతో పాటు మామ మీద కోపం కూడా వచ్చింది.

ఇంతలో వరండాలోంచి బుడాన్ గొంతు వినిపించింది. "జాన్‌బీని మేం తీసుకెళ్తాం. హోటల్లో వంటామె మానేసింది, సాయంగా ఉంటుంది."

"అదేంటన్నా" అన్నాడు తమ్ముడు సిలార్. "మా కోడలికి కాన్పు దగ్గరపడింది. వదిన మా ఇంటికొస్తే చంటిబిడ్డ పనంతా చూసుకుంటుంది."

ఖలీల్ లేచి మొహం తుడుచుకున్నాడు. అత్తని చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకొచ్చి, అందరి ముందూ నిలబెట్టి ఎగాదిగా చూశాడు. మణికట్టు నొక్కి చూశాడు. పెదవి విరిచాడు.

"అత్త తాలు. మోకాళ్ళు పోయాయి. కూరలో రోజూ ఉప్పు మర్చిపోద్ది. పడుకుంటే ఇల్లెగిరిపోయే గురక. దేనికీ పనికిరాదు. నాకు వదిలేయండి."

అన్నదమ్ములిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "నిజమేలే, వయసైపోయింది" అన్నాడు బుడాన్.

జాన్‌బీ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతుంటే, పాపం ఏడుస్తోందనుకున్నారు అందరూ. ఆమె ఖలీల్ చెవి దగ్గరికి వంగి మెల్లగా అంది.

"ఆ గురక మీ మామదిరా, నాది కాదు."