తమ్ముడు జైల్లోనే ఉండాలి దేవుడా

సోమవారం పొద్దున ఆ ఊళ్ళో సగంమంది కాఫీ కంటే ముందు చదివేది కౌంటీ పోలీసు పెద్ద షెరీఫ్ ఆఫీసు అద్దం తలుపుకు అంటించిన కాగితాన్ని. గడిచిన వారం ఎవరిని పట్టుకొచ్చి జైల్లో పెట్టారో, ఏ నేరం మోపారో, కోర్టుకు ఎప్పుడు రావాలో అన్నీ అందులో ఉంటాయి. అమెరికాలోని ఈ పడమటి కాన్సాస్‌లో గోధుమకూ గాలికీ లోటు లేదు, కబుర్లకే కరువు. అందుకని ఆ కాగితం వారానికి సరిపడా మేత.

దాని వంక కన్నెత్తి చూడనిది ఆర్డిత్ షెఫ్లర్ ఒక్కతే. ఆమె బడిలో వంటమనిషి. బుధవారమొస్తే పిల్లలకు చిల్లీ అనే ఘాటైన మాంసం, చిక్కుడుగింజల పులుసు గిన్నెడు, పక్కన దాల్చినచెక్క వేసిన తీపి రొట్టెచుట్ట. ఆ రెండింటి జోడీ చూసి బయటివాళ్ళు ముక్కు విరుస్తారు. ఒకసారి ముంచుకు తిన్నాక మళ్ళీ నోరెత్తరు.

“ఊరి గోల నీకేం పడుతుందిలే! స్వర్గానికి నిచ్చెన వేసుకుని కూచున్నావుగా,” అనేది కాఫీ హోటలు నడిపే ట్వైలా.

“ఒకళ్ళ మురికిబట్టలు నేనెందుకు విప్పి చూడాలే? నావి ఉతుక్కోడానికే పొద్దు చాలట్లేదు,” అనేది ఆర్డిత్.

ఆమెకు లోకంలో మిగిలింది తమ్ముడు లైల్. ఏటా వేసవిలో టెక్సాస్‌ దగ్గర పంట ముందు పండి, ఆ కోతకాలం మెల్లగా ఉత్తరానికి జరుగుతూ పోతుంది. దాని వెంటే కోతయంత్రాల దండు కదులుతుంది. ఆ దండులో లైల్ డ్రైవరు. కాలు నిలవనివాళ్ళలో రెండు రకాలు. ఇల్లు మరిచిపోయేవాళ్ళు కొందరు, ఇల్లు నెత్తిన పెట్టుకుని తిరిగేవాళ్ళు కొందరు. లైల్ రెండో రకం. ఏ చేల మధ్య ఉన్నా ఆదివారం మధ్యాహ్నం అక్కకు ఫోను చేయాల్సిందే. ఆమె అడిగే మొదటిమాట “అన్నం తిన్నావా?” కాదు, “మాత్ర వేసుకున్నావా?” చిన్నప్పటినుంచీ అతనికి మూర్ఛ.

జూలైలో ఒక ఆదివారం ఫోను రాలేదు. రెండోదీ రాలేదు. దండు మేస్త్రీకి చేస్తే, “బెక్విత్ కౌంటీలో ఓ సాయంత్రం ఊళ్ళోకెళ్ళాడమ్మా, తిరిగి రాలేదు. చూసీ చూసీ మేం కదిలిపోయాం. పండిన చేను ఆగదు కదా,” అన్నాడు.

ఆసుపత్రులన్నిటికీ ఫోను చేసింది. అక్కడెక్కడా లేడు. ఇక మిగిలినవి రెండే చోట్లు, రెండోది తలుచుకోడానికి ఆమెకు నోరు రాలేదు.

“జైలు చూద్దామే,” అంది ట్వైలా మెల్లగా. “బెక్విత్‌లో జైలు మూసేశారట. అక్కడివాళ్ళని పక్కనున్న గార్లండ్ కౌంటీ జైల్లో పెడతారని మా మరిది చెప్పాడు.” ఫోనులో వెతికితే మొదట ఏదో సైటు వచ్చి, పేరు చూపించాలంటే కార్డు నంబరు ఇమ్మంది. “దొంగలని చూపించే దొంగలు!” అని తిట్టి, ట్వైలా గార్లండ్ షెరీఫ్ సొంత పేజీ పట్టింది. పేర్లు, ఫొటోలు ఊరికే చూడొచ్చు. ఇద్దరూ తల పక్కన తల పెట్టి పైనుంచి కిందికి చూశారు.

లైల్ లేడు.

ఆ మొహాల్లో తమ్ముడి మొహం లేదని ఏడ్చింది ఆర్డిత్. జన్మలో ఎవరూ అడగని వరం ఆ పూట అడిగింది: “దేవుడా, వాడు జైల్లోనే ఉండాలి.”

మర్నాడు బెక్విత్ కోర్టు భవనానికి బయల్దేరింది. కనీసం కడసారి అతన్ని చూసినవాళ్ళెవరైనా దొరుకుతారని. కిటికీ వెనక ముక్కుమీదికి కళ్ళద్దాలు జారిన కోరలీ అనే ఉద్యోగిని కూచుని ఉంది. ఆర్డిత్ సంచి విప్పి బల్లమీద పరిచింది: ఇద్దరి బాప్తిస్మం పత్రాలు, పాస్టరు రాసిచ్చిన ఉత్తరం, అమ్మ ఒళ్ళో తామిద్దరూ ఉన్న ఫొటో.

“ఇవేంటి తల్లీ, పెళ్ళిచూపులకొచ్చావా?” అంది కోరలీ.

“నేను వాడి అక్కనేనని మీరు నమ్మాలిగా...”

“అక్కవైనా, అప్పిచ్చినదానివైనా, దారినపోయేదానివైనా నాకొకటే. ఎవర్ని లోపల పెట్టామో ఎవరడిగినా చెప్పాలి. ఎందుకని నేనడగను. పేరు, పుట్టినరోజు చెప్పు.”

ఆర్డిత్ చెప్పింది. కోరలీ కంప్యూటరు తెర చూసి, వేలు ఆపింది. “ఉన్నాడు. సారాకొట్టు ముందు పాటలు పాడుతూ కదలనన్నాడట. విచారిస్తే, బండి లైసెన్సు తాలూకు పాత కోర్టు వాయిదా ఎగ్గొట్టాడని తేలింది. గార్లండ్ జైల్లో ఉన్నాడు. గురువారం ఇక్కడ జడ్జి ముందుకి తెస్తారు.”

“గార్లండ్ జాబితాలో చూశామండీ! లేడు!”

“అక్కడెందుకుంటుంది? వాళ్ళు పట్టుకున్నవాళ్ళ పేర్లే వాళ్ళు వేస్తారు. మావాళ్ళు అక్కడ అద్దెకున్నవాళ్ళు. మనిషి అక్కడ, పేరు ఇక్కడ. ఎక్కడున్నాడని కాదు, ఎవరు పట్టుకున్నారని వెతకాలి. అందరూ చేసే పొరపాటే ఇది.”

చరిత్రలు తిరగేస్తే ఒక సంగతి కనిపిస్తుంది. రాజుల కత్తికంటే జనం ఎక్కువ భయపడింది పేరు బయటపెట్టని ఖైదుకు. మనిషిని పట్టుకుపోయి “మా దగ్గర లేడు” అనేస్తే చాలు, ఇల్లిల్లూ వణికేది. అద్దం తలుపుమీది కాగితం కబుర్లరాయుళ్ళకు మేతే, నిజమే. ఎవరిని పట్టుకున్నామో నలుగురికీ చెప్పితీరాలన్న కట్టుబాటు కూడా ఆ కాగితమే. అందులో పేరుంటే పట్టుకున్నారనే అర్థం, తప్పు చేశాడని కాదు. ఈ రెండో ముక్క జనం చదవరు.

“వాడికి మూర్ఛ,” అంది ఆర్డిత్. “మాత్రలు...”

“ఒంటి సంగతులు నేను చెప్పకూడదు. నువ్వు నాకు చెప్పొచ్చు.”

మాత్ర పేరు చెప్పగానే కోరలీ గార్లండ్ నర్సుకు ఫోను కలిపింది. చాలాసేపు విని, పెట్టేసింది. “నేనేం చెప్పకూడదమ్మా,” అంటూనే బొటనవేలు పైకెత్తి చూపించింది.

ఆర్డిత్ ఆ బల్లమీదే తల ఆన్చింది. కోరలీ ఫొటో చెమ్మ తగలకుండా పక్కకు జరిపింది.

ఆ మధ్యాహ్నమే గార్లండ్ జైలుకెళ్ళి, ఖైదీలతో మాట్లాడించే వీడియో తెరమీద తమ్ముణ్ణి చూసింది. గడ్డం పెరిగింది. నవ్వు మారలేదు.

“ఫోను చేయడానికి నీకేం రోగంరా?”

“రోజూ చేశా! ఇంటి నంబరు పనిచేయట్లేదని మిషను తిడుతోంది.”

ఆర్డిత్ నాలిక్కరుచుకుంది. సరుకులు అమ్మేవాళ్ళ గోల పడలేక వేసవికి ముందే ఇంటి ఫోను తీయించేసింది. “మరి నా సెల్ నంబరు?”

“అది నా ఫోనుకి తెలుసు. నాకు తెలీదు.”

గురువారం జడ్జి మందలించి, కొత్త వాయిదా ఇచ్చి, అక్క పూచీ మీద పంపాడు. కారు సీట్లో ఒక తీపి రొట్టెచుట్ట ఉంది. ముందు నంబరు అప్పజెప్పాలి, ఆ తర్వాతే అది. చర్చి పాట వరసలో పాడి పాడి, మూడో ఊరు దాటేసరికి తినడానికి అర్హత సంపాదించాడు లైల్.

ఆ తర్వాతి సోమవారం ఆర్డిత్ అద్దం తలుపు ముందు నిలబడి పేర్లు చదువుతుంటే వెనకనుంచి ట్వైలా, “నిచ్చెన దిగావేమే?” అంది.

“ఎవరింటి పిల్లలు బతికున్నారో చూస్తున్నా,” అంది ఆర్డిత్.

చివరి పేరు ఆ ఊరి రోథ్ కుటుంబం కోడలి తమ్ముడిది. వాళ్ళకు ఈ కబురు అందిందో లేదో. ఆమె ఫోను తీసింది.