పావురం చేతిలో పిస్తోలు

ఆ రోజుల్లో నాకు దేవుడి తర్వాత అంతటి నమ్మకం చౌక దుకాణాల మీదే ఉండేది. నరసాపురం దగ్గర పల్లె నుంచి కొత్తగా ఒమన్ వచ్చాను. మస్కట్ శివారు సీబ్‌లో ఒక ప్రైవేటు క్లినిక్‌లో నర్సు ఉద్యోగం, ఇంకా ప్రొబేషన్ కూడా దాటలేదు. పక్కనే ఉన్న మబేలాలో ఏది పట్టుకున్నా ఒకటే ధర అనే దుకాణాలు వీధికి నాలుగుండేవి. చీపురు, గోడ గడియారం, చెవి పోగులు, ఎలుకల బోను అన్నీ ఒకే వరసలో పెట్టి అమ్మేవారు. డ్యూటీ అయ్యాక అందులోకి దూరితే నాకు పుట్టింటికి వెళ్లినంత హాయి. అవసరం ఉన్నవీ లేనివీ కొనేదాన్ని. రూమ్‌లో నాతో ఉండే మలయాళీ పిల్ల, "నువ్వు ఇంటికి డబ్బు పంపుతావా, ప్లాస్టిక్ పంపుతావా?" అని అడిగేది. అటువంటి నా నమ్మకం మూడు పిస్తోళ్లు కొనేసరికి పూర్తిగా సడలిపోయింది. (కంగారు పడకండి. ఆ మూడింటిలో ఏదీ చీమని కూడా చంపలేదు. నా పరువుని మాత్రం మూడుసార్లు కాల్చాయి.)

సంగతేమిటంటే, మా తెలుగు చర్చి సహవాసంలో ఆ ఏడు క్రిస్మస్‌కి నాటకం వేయాలనుకున్నారు. రాసిందీ వేయిస్తున్నదీ ఒక గుంటూరు పెద్దాయన. కంపెనీలో స్టోర్ కీపరు. కానీ కుర్రతనంలో ఊరూరా నాటకాలాడానని చెప్పుకునేవాడు కాబట్టి అందరం డైరెక్టరు అంకుల్ అనేవాళ్లం. కథ చిన్నదే. క్రిస్మస్ ముందు రాత్రి ఒక పేద విధవరాలి ఇంట్లో దొంగ పడి పిస్తోలు చూపిస్తాడు. ఆవిడ భయపడకుండా, "ముందు అన్నం తిను నాయనా" అంటుంది. వాడు పిస్తోలు కింద పడేసి బోరున ఏడుస్తాడు. దొంగగా వేసింది ఏసీలు బాగుచేసే అన్న. మనిషి తాటిచెట్టంత, పైగా కోరమీసాలు, కానీ మాట మాత్రం పావురం కువకువలాడినట్టుండేది. అందుకే అతన్ని పావురం అన్న అనేవాళ్లం. "కదిలితే కాల్చేస్తాను!" అన్న డైలాగు అతని నోట ప్రతిసారీ "కదిలితే కాల్చేస్తానండీ" అని వచ్చేది. "ఆ 'అండీ' తియ్యవయ్యా మహానుభావా! నువ్వు దొంగవి, చుట్టానివి కాదు" అని అంకుల్ జుట్టు పీక్కునేవాడు. "అలాగేనండీ" అనేవాడు అన్న.

విధవరాలిగా వేసింది కడప అక్క. మబేలాలో ఒక ఒమనీ కుటుంబంలో వంట చేసేది. ఇంటి యజమానురాలిని ఇక్కడ పనివాళ్లు 'మామా' అంటారు. ఆ మామా మంచిదే, కానీ అక్కకి నెలకొక్క శుక్రవారమే బయటికి వెళ్లే సెలవు. రిహార్సళ్ల కోసం అక్క ప్రతి శుక్రవారం అడిగేసరికి ఆవిడకి అనుమానం వచ్చింది. ఆ నాటకమేదో నేనూ పిల్లల్ని తీసుకుని వచ్చి చూస్తానంది. అప్పట్నుంచి అక్కకి నిద్రలేదు. "బాగా ల్యాకుంటే ఇంగ నన్ను గడప దాటనీదు పాపా. నాకుండేది ఈ ఒక్క శుక్రారమే. అదీ పోతే ఆ వంటింట్లో నేనూ, ఆ మిక్సీ, ఇద్దరమే మాట్లాడుకోవల్ల" అంది. నవ్వుతూనే అని, తన డైలాగులు మళ్లీ మొదట్నుంచి అప్పజెప్పుకుంది.

నేను దేవదూత వేషానికి పేరిచ్చాను. అంకుల్ నన్ను పైనుంచి కిందికి చూసి, "దూత ఆకాశం నుంచి దిగాలమ్మాయ్, నువ్వు స్టూలు మీద నుంచి దిగినట్టుంటావు" అని (నా ఎత్తు గురించి ఇంతకంటే వివరాలు అనవసరం) నన్ను సామాను చూసే పనిలో పెట్టాడు. కుండ, చాప, లాంతరు దొరికాయి. పిస్తోలు మిగిలింది. "ఎక్కువ పెట్టి తేవద్దు, చూడటానికి నిజంలాగుండాలి" అన్నాడు. చౌకగా తేవడంలో నన్ను మించినవాళ్లెవరనుకుని నేను నేరుగా మబేలా దుకాణంలోకి వెళ్లి, కౌంటరు దగ్గరి మలయాళీ అన్నని నాకు వచ్చిన హిందీలో గట్టిగా అడిగాను. "భయ్యా, ఏక్ పిస్టల్ చాహియే. సస్తావాలా!" దుకాణంలో అందరూ తిరిగి చూశారు. ఆయన చేతిలోని చిల్లర జారి పడింది. "సిస్టర్, టాయ్ బోలో, టాయ్! ఐసా మత్ బోలో!" అని రెండు చేతులూ జోడించాడు. నా పక్కన నిలబడ్డ ఒమనీ పెద్దాయన మాత్రం తాపీగా నా యూనిఫాం వైపు చూసి, సూది చాలదా అన్నట్టు చెయ్యి ఊపి నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

మొదటిది నీళ్ల పిస్తోలు. అక్కడ ఉన్నది అదొక్కటే. ఆకుపచ్చ రంగు, లోపల నీళ్లు కనిపిస్తాయి. రంగుదేముంది, నల్ల బూట్ పాలిష్ పూస్తే సరిపోతుందనుకున్నాను. రాత్రంతా కూర్చుని పూశాను. నిజంగానే నల్లగా నిగనిగలాడింది. కానీ ప్లాస్టిక్‌కి పాలిష్ అంటదనీ, మనుషులకి మాత్రం బ్రహ్మాండంగా అంటుతుందనీ నాకు తెలియదు. రిహార్సల్లో పావురం అన్న దాన్ని నడుముకి దోపుకున్నాడు, చెమట తుడుచుకున్నాడు, ఆ తర్వాత ప్రార్థన చేయడానికి వచ్చిన పాస్టరుగారికి వినయంగా చెయ్యి ఇచ్చాడు. పాస్టరుగారిది తెల్ల చొక్కా. ఆయన ఆ చేతిని గుండెల మీద పెట్టుకుని ప్రార్థన చేశారు. ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి గుండె మీద అయిదు వేళ్లూ అచ్చుగుద్దినట్టున్నాయి. డైరెక్టరు అంకుల్ పిస్తోలు పైకెత్తి చూశాడు. పాలిష్ అంతా పోయి మళ్లీ పచ్చగా ఉంది, నా ముఖం నల్లగా ఉంది. "దొంగ బెదిరించడానికొచ్చాడా అమ్మాయ్, తలంటు పోయడానికొచ్చాడా?" అన్నాడు.

రెండోది ఇంకో దుకాణంలో దొరికింది. నల్లటిది, అట్టపెట్టెలో సీలు వేసి ఉంది. తెరిచి చూడనివ్వలేదు. పెట్టె మీద కండలవాడి బొమ్మ ఒకటి కోపంగా చూస్తుంటే, వాడి కోపాన్ని నమ్మి తెచ్చేశాను. రిహార్సల్లో నేనే అందరి ముందూ ఠీవిగా గురిపెట్టి నొక్కాను. ముందు ఎర్రలైటు, తర్వాత నీలంలైటు వెలిగాయి. ఆ తర్వాత ఏ భాషో ఎవరికీ తెలియని పాట ఒకటి, సన్నటి పిల్ల గొంతుతో, చప్పట్లతో సహా మొదలైంది. ఆపాలని మళ్లీ నొక్కితే ఇంకో పాట. అంకుల్ కుర్చీలో కూలబడి తల పట్టుకున్నాడు. కడప అక్క మాత్రం పొట్ట పట్టుకుని, "ఇది దొంగ తుపాకి కాదు పాపా, పెండ్లి తుపాకి!" అంది. నేను బ్యాటరీలు తీసేసి దాన్ని సంచిలో అడుగున పడేశాను. ఆ రోజు పావురం అన్న డ్యూటీలో ఇరుక్కుపోయి రిహార్సలుకి రాలేదు. ఈ పాట సంగతి అతనికి తెలియదు, అతనికి చెప్పాలని మాకెవరికీ తోచలేదు.

మూడోది సీబ్ సూక్‌లో దొరికింది. సముద్రం పక్కనే ఉండే పాత బజారది. ఇనుముతో చేసిన సిగరెట్ లైటరు. పట్టుకుంటే బరువుగా, చల్లగా, అచ్చం నిజం పిస్తోలులాగే ఉంది. బేరమాడి గెలిచాను. నాటకానికి ముందు రోజు, డ్యూటీ నుంచి నేరుగా రిహార్సలుకి వెళ్దామని దాన్ని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని క్లినిక్‌కి వెళ్లాను. నేను చేసిన తెలివితక్కువ పనుల్లో దీనికి మొదటి బహుమతి. బట్టలు మార్చుకునే గదిలో కొక్కెం ఊడి బ్యాగు కింద పడింది. పిస్తోలు నేల మీద జరజరా జారుకుంటూ వెళ్లి సరిగ్గా మా ఇన్‌ఛార్జి సిస్టరు బూటు దగ్గర ఆగింది. (ఆవిడని మేం చాటుగా బీపీ సిస్టరు అనేవాళ్లం. ఆవిడకి బీపీ లేదు, ఆవిణ్ణి చూస్తే మాకు వచ్చేది.) ఆవిడ పెట్టిన కేకకి ఇంజెక్షన్ వద్దని ఏడుస్తున్న పిల్లాడు కూడా ఏడుపు ఆపేశాడట.

నన్ను మేనేజరు గదికి తీసుకెళ్లారు. ఆయన ఒమనీ, తెల్లటి పొడుగు అంగీ, దిష్‌దాషాలో ఎప్పుడూ మల్లెపువ్వులా ఉండే పెద్దమనిషి. పిస్తోలు బల్ల మీద పెట్టి నెమ్మదిగా, "ఏష్ హాదా?" అన్నారు. ఇదేమిటని. ఉద్యోగం పోతే విమానం టికెట్టు, ఇంటి దగ్గర అప్పటికే కిరాణా కొట్టువాడికి మా అమ్మాయి మస్కట్‌లో ఉందని చెప్పుకుంటున్న నాన్న ముఖం, అన్నీ ఒక్కసారే కనబడ్డాయి. నోటికి వచ్చిన భాషలన్నీ కలిపేశాను. "డ్రామా సర్. క్రిస్మస్ సర్. హరామీ సర్... హరామీ ఇన్ మై చర్చ్!" అరబ్బీలో దొంగని హరామీ అంటారని నాకు కొత్తగా తెలుసు, అంతే.

ఆయన కనుబొమలు పైకి లేచాయి. "హరామీ? ఇన్ యువర్ చర్చ్?"

"యస్ సర్. వెరీ గుడ్ మ్యాన్ సర్. ఏసీ మెకానిక్ సర్."

ఆయన పిస్తోలు తీసి కిటికీ వైపు తిప్పి నొక్కారు. కొసన చిన్న మంట వెలిగింది. బీపీ సిస్టరు అక్కడే ఉన్న కుర్చీలో చతికిలబడింది. ఆయన మొదట పెదవి బిగబట్టుకున్నారు. ఆ తర్వాత ఇక వల్లకాక, తలపాగా సరిచేసుకుంటూ కళ్లల్లో నీళ్లు వచ్చేలా నవ్వారు. నవ్వు అయ్యాక మాత్రం నాన్న మందలించినట్టు చెప్పారు. దారిలో ఇది పోలీసు కంటపడితే ఆయనకి నీ నాటకం తెలియదు కదమ్మా, ఇలాంటివి పట్టుకుని తిరగకూడదు అని. పిస్తోలు డ్రాయరులో పెట్టి తాళం వేసి, "వెళ్లి పేషంట్లని చూసుకో" అన్నారు. అంతే. మెమో లేదు, ఏమీ లేదు. నేను బయటికొచ్చి దూది డబ్బా వెనక నిలబడి తనివితీరా ఏడ్చాను.

మర్నాడే నాటకం. శుక్రవారం పొద్దున దుకాణాలు తెరవరు. సంచి అడుగున ఉన్న పాటల పిస్తోలే గతి. బ్యాటరీలు లేవు కదా, నోరెత్తదులే అనుకున్నాం. హాలు నిండిపోయింది. ముందు వరసలో నల్లటి అబాయాలో కడప అక్క మామా, ఆవిడకి అటూ ఇటూ ఇద్దరు చిన్నపిల్లలు. నేను తెర పక్కనుంచి చూస్తున్నాను. పావురం అన్న ముఖానికి గుడ్డ కట్టుకుని గంభీరంగా వచ్చాడు. పిస్తోలు ఎత్తాడు. "కదిలితే కాల్చేస్తాను!"

అండీ లేదు! జీవితంలో మొదటిసారి అండీ లేదు! ఆ ఆనందంలో అతని వేలు గట్టిగా బిగుసుకుంది. ఎర్రలైటు. నీలంలైటు. పాట.

(తర్వాత తెలిసిన సంగతి ఇది. వేషం వేసుకుంటూ బ్యాటరీల గూడు ఖాళీగా ఉండటం చూసి, "పాపం, సిస్టరుగారు హడావిడిలో మర్చిపోయుంటారు" అని జాలిపడి, తన టార్చిలైటులోవి తీసి వేశాడట. మంచివాడి చేతిలో పిస్తోలు పెడితే ఇలాగే ఉంటుంది.)

పాట విని మామా పిల్లలిద్దరూ కుర్చీలెక్కి చప్పట్లు మొదలుపెట్టారు. వాళ్లింట్లోనూ అదే బొమ్మ ఉందట, పాట మొత్తం వచ్చట. పావురం అన్న ఆపబోయి మళ్లీ నొక్కాడు, రెండో పాట. చొక్కాలో దాచాడు, చొక్కాలోంచి లైట్లు. హాలు గొల్లుమంది. నేను తెర వెనక కూలబడి, మోకాళ్ల మధ్య తల దూర్చి, చెవుల్లో వేళ్లు పెట్టుకుని కళ్లు గట్టిగా మూసుకున్నాను. ఇక్కణ్ణుంచి నేను చెప్పేది చూసింది కాదు, నలుగురూ చెప్పగా విన్నది.

కడప అక్క చాప మీద నుంచి లేచిందట. కంగారు లేదట. నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఏం నాయనా, ఆకలైతే యాడన్నా కడుపు అరుస్తాది. నీకేంది, తుపాకి అరుస్తాండాది?" అందట. నవ్వులు ఇంకా ఆగకముందే దగ్గరికి వెళ్లి, "ఇట్లియ్యి దాన్ని. పసిబిడ్డలు ఆడుకునేదాన్ని పట్టుకోని పెద్దోళ్లు తిరగచ్చునా?" అని చొక్కాలోంచి తీయించుకుని, మెట్లు దిగి వచ్చి ముందు వరసలోని చిన్నపిల్ల చేతుల్లో పెట్టి, మళ్లీ వెళ్లి ఆకు పరిచిందట. ఇదేదీ నాటకంలో లేదు. పావురం అన్నకి చెప్పడానికి ఇక డైలాగు లేదు. రాత్రి డ్యూటీ నుంచి నేరుగా వచ్చి ఏమీ తినలేదేమో, కూర్చుని నిజంగానే తినడం మొదలుపెట్టాడు. అక్క వండి తెచ్చిన నిజం అన్నం, నిజం పప్పు, ఎర్రకారం. నాలుగు ముద్దలు తిన్నాక అతని కళ్లల్లోంచి నీళ్లు ధారగా కారాయట. అవి పశ్చాత్తాపానివా, కడప కారానివా అన్నది మా సహవాసంలో ఇప్పటికీ తేలలేదు. అక్క పక్కన కూర్చుని, "మెల్లగా తిను. ఎవురూ తరమడం ల్యా" అందట. అప్పుడు హాల్లో ఒక్కరు కూడా నవ్వలేదట. ఎన్నో ఏళ్లుగా రూముల్లో ఒంటరిగా వండుకుని తినేవాళ్లు, ఒకరి ఇళ్లల్లో వండి పెట్టేవాళ్లు, అందరూ కళ్లు తుడుచుకున్నారట.

డైరెక్టరు అంకుల్ ఆ తర్వాత, "అది నేను మొదట్నుంచీ అనుకున్న ఘట్టమే, చివరి నిమిషం దాకా బయటపెట్టలేదంతే" అని చెప్పుకున్నాడు. మామా పిల్లలు పిస్తోలు తిరిగి ఇవ్వలేదు. ఆవిడ మాత్రం అక్క చేతులు పట్టుకుని "జైన్, జైన్" అంది, బాగుంది బాగుంది అని. ఒక్క ముక్క భాష తెలియకపోయినా కథంతా అర్థమైందట. ఆ తర్వాత కడప అక్కకి ప్రతి శుక్రవారం సెలవే. "నీ పెండ్లి తుపాకి పుణ్యమే పాపా" అని ఆవిడ నన్ను దగ్గరికి తీసుకుంది. నేను అప్పటికింకా ఏడుపు ముఖంతోనే ఉన్నాను.

ఇప్పుడు అక్క కడపలో మనవలతో ఉంది. పావురం అన్న ఒమన్‌లోనే షినాస్ ఊళ్లో సొంతంగా ఏసీల కొట్టు పెట్టుకున్నాడు. నేనిక్కడే ఉన్నాను, నా కింద పిల్ల నర్సులున్నారు. నన్ను వాళ్లు చాటుగా ఏమంటారో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఒక్కటి మాత్రం అప్పుడప్పుడూ అనిపిస్తుంది. ఆ రోజు హాల్లో అంతమందిలో ఆ అన్నం ముద్దలు చూడనిది నేనొక్కదాన్నే. నేను తెచ్చిన వస్తువే అన్నిటికంటే నిజమైన నాటకం ఆడిస్తుంటే, తెర వెనక గుండ్రంగా చుట్టుకుని, ప్రపంచం మునిగిపోయిందనుకుంటూ కూర్చున్న ఆ పొట్టి పిల్ల దగ్గరికి వెళ్లి, చెవుల్లోంచి వేళ్లు మెల్లగా తీసి, "లేవవే పిచ్చిదానా, ఏం కాలేదు, ఒకసారి చూడు" అనాలనిపిస్తుంది. అదెలాగూ లేవదనుకోండి. మొండిది.